మందు తన సీసాలోనే ఉండాలి: పొలంలోనూ ఇంట్లోనూ పురుగుమందులను భద్రపరచే పద్ధతి

తెలుగులో జ్వరానికి వేసుకునేదీ మందే, కొందరు సాయంత్రం చాటుగా తాగేదీ మందే, టమాటా తోటలో పిచికారీ చేసేదీ మందే. మాటల్లో ఈ మూడింటికీ తేడా సందర్భాన్ని బట్టి తెలుస్తుంది గానీ, గూట్లో పెట్టిన సీసాకు సందర్భం ఉండదు. మేము ఉండేది బెంగళూరులో, కృష్ణరాజపురం దాటాక. చింతామణి వైపు మాకు కొద్దిపాటి పొలం ఉంది, అందులో కొంత టమాటా, కొంత మల్బరీ. కొన్నేళ్ళ క్రితం మా పెద్దమ్మ మేడ మీది కుండీలకు పిండినల్లి పట్టిందని ఒక నర్సరీలో అడిగితే, వాళ్ళు కలిపి ఉంచిన మందును ఒక కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇచ్చారు. తెల్లగా, పలుచగా ఉన్న ఆ సీసా ఫ్రిజ్ పక్కన ఉండగా, ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియను మజ్జిగ అనుకొని మూత తీశాడు. ఘాటైన వాసన రావడం వల్ల ఆగిపోయాడు. వాసన లేని మందై ఉంటే ఏమయ్యేదో మేము ఇప్పటికీ మాట్లాడుకోము.

ఇలాంటివి ఇళ్ళలోనే కాదు, మరింత పెద్ద ఎత్తునా జరిగాయి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు సరకు రవాణాలో ఆహార పదార్థాలకు అంటుకొని, వాటిని తిన్నవారిలో వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన తరువాత మొదలైన ఆలోచనలే 1968 నాటి కీటకనాశినుల చట్టానికీ, 1971 నాటి నియమాలకూ దారి తీశాయి. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. మొదటిచోట మందు తిండి పక్కన ప్రయాణించింది, రెండోచోట అది వంట సామగ్రిలోకి చేరింది. అందువల్ల ఈ మార్గదర్శిలో చెప్పే పనులన్నీ ఒకే నియమం చుట్టూ తిరుగుతాయి: మందు తాను వచ్చిన సీసాలోనే ఉండాలి, ఆ సీసా తన చోటు వదలకూడదు, ఆ చోటికి తిండీ నీళ్ళూ చేరకూడదు.

మొదటి పని: నిల్వ అవసరమే రాకుండా కొనడం

భద్రపరచడం అంగడిలోనే మొదలవుతుంది. లీటరు సీసా కొంటే మిల్లీలీటరుకు ధర తగ్గుతుందన్న మాట నిజమే గానీ, మిగిలిన మందుకు మనం రెండేళ్ళ పాటు కాపలా కాయాలి. కాబట్టి ముందుగా లెక్క వేయాలి. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలపవలసిన మందును ఎకరాకు 200 లీటర్ల నీటితో పిచికారీ చేస్తే 400 మిల్లీలీటర్లు సరిపోతుంది. అప్పుడు అరలీటరు సీసా కొనాలి, లీటరు సీసా కాదు. అదే మేడ మీద ఇరవై కుండీలున్న ఇంటికి ఒకసారికి రెండు లీటర్ల ద్రావణం చాలు, అంటే అసలు మందు 4 మిల్లీలీటర్లు. వంద మిల్లీలీటర్ల సీసా కొంటే అది చివరి బొట్టు దాకా ఖర్చయ్యేలోపు గడువు తీరిపోతుంది. ఆ కొద్ది కుండీల కోసం ఇంట్లో విషం పెట్టుకోవడం కన్నా, హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన వేప సబ్బు వంటిది వాడడం మేలని నా అభిప్రాయం. ఆ సబ్బునైనా వంటగదిలో పెట్టకూడదనుకోండి, అది వేరే సంగతి.

కొనేటప్పుడు సీలు తెగని సీసానే తీసుకోవాలి, బిల్లు అడగాలి, తయారీ తేదీ, గడువు తేదీ అక్కడే చదవాలి. లూజుగా పోసి ఇచ్చే మందును ఎంత తెలిసిన అంగడివాడు ఇచ్చినా తీసుకోకూడదు. లాల్‌బాగ్ పూల ప్రదర్శన రోజుల్లో మొక్కలతో పాటు చిన్న చిన్న పేరులేని సీసాలు కూడా చేతులు మారుతుంటాయి. అలాంటి సీసాలో ఏముందో అమ్మినవాడికే గుర్తుండదు, రేపు ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మనం ఏం చెప్పగలం? 2022 చివర నుంచి లైసెన్సు ఉన్నవారు ఆన్‌లైనులో కూడా పురుగుమందులు అమ్మడానికి అనుమతి వచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఇలా తెప్పించుకుంటే, ఆ పార్సిలు కూరగాయల సంచుల మధ్య సెక్యూరిటీ బల్ల మీద సాయంత్రం దాకా పడి ఉండకుండా స్వయంగా అందుకోవాలి.

ఇంటికి లేదా పొలానికి తెచ్చేటప్పుడు మందునూ తినే సరకులనూ ఒకే సంచిలో వేయకూడదు. కారులో అయితే మనుషులు కూర్చునే చోట కాకుండా వెనుక డిక్కీలో, లోతైన బకెట్టులో నిలబెట్టి తేవాలి. హొసకోటె దారిలో ఒక గుంతకు సీసా పక్కకు ఒరిగినా కారినది బకెట్టులోనే ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో గంటల తరబడి వదిలేయకూడదు. బస్సులో తీసుకెళ్ళడమైతే అసలు వద్దు.

రెండవ పని: లేబులు చదివి, దాన్ని కాపాడుకోవడం

మన దేశంలో అమ్మే ప్రతి పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో ఉన్న రంగు విషతీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పై సగంలో పుర్రె బొమ్మ, పాయిజన్ అనే మాట ఉంటాయి. పసుపు తీవ్ర విషపూరితం, అక్కడా పాయిజన్ అనే ఉంటుంది గానీ పుర్రె ఉండదు. నీలం మీద డేంజర్ అనీ, ఆకుపచ్చ మీద కాషన్ అనీ రాసి ఉంటుంది. ఆకుపచ్చ గుర్తు చూసి చాలామంది ఇది ప్రకృతి సిద్ధమైన మందు కాబోలు అనుకొని ఇంట్లోకి తెస్తారు, శాకాహారానికి వేసే పచ్చచుక్కతో పోల్చుకునేవారినీ చూశాను. ఆ ఆకుపచ్చ అర్థం మిగతావాటి కన్నా తక్కువ విషం అని మాత్రమే. పైగా ఆ విభజన ప్రధానంగా పెద్దవాళ్ళ శరీర బరువు లెక్కన అర్థం చేసుకోవలసినది, పది కిలోల పిల్లవాడికి తక్కువ మోతాదే ఎక్కువవుతుంది.

డబ్బాతో వచ్చే కరపత్రంలో మందు సోకినప్పటి లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ఉంటాయి. అది హిందీ, ఇంగ్లీషులతో పాటు స్థానిక భాషలలో వస్తుంది కనుక బెంగళూరులో కొన్న డబ్బాలో కన్నడం ఉంటుంది. మన లిపికి దగ్గరిది కాబట్టి కూడబలుక్కుంటే అక్షరాలు అందుతాయి గానీ, ప్రమాద సమయంలో కూడబలుక్కునే తీరిక ఉండదు. అందుకే కొన్న రోజే కరపత్రాన్ని ఫోనులో ఫొటో తీసి, ఆ మందులో ఉన్న అసలు రసాయనం పేరు, విరుగుడు, కొన్న తేదీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, కరపత్రంతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి అల్మారా తలుపు లోపలివైపు తగిలిస్తాను. లేబులు ఊడిపోతుంటే పారదర్శకమైన టేపు అంటించాలి. లేబులు పూర్తిగా పోయిన సీసాను గుర్తుపట్టి వాడే ప్రయత్నం చేయకూడదు, అది వ్యర్థాల కిందికే లెక్క.

మూడవ పని: పొలంలో చోటు ఎంచుకోవడం

ఎక్కువమంది రైతులు మందులు పెట్టేది బోరు మోటారు గదిలో. తాళం ఉంటుంది, పొలానికి దగ్గర, ఎవరూ పెద్దగా రారు. కానీ అదే అత్యంత చెడ్డ చోటు. పెచ్చులూడిన స్టార్టరు నుంచి నిప్పురవ్వ ఎగిరే గదిలో, జైలీన్ వంటి మండే ద్రావకాలలో కరిగించిన ఇసి రకం (డబ్బా మీద EC అని ఉండే) మందులు ఉండకూడదు. ఒలికితే అది నేరుగా బోరు చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకుతుంది, దాహం వేసినవాళ్ళు నీళ్ళు పట్టుకోవడానికి వచ్చేదీ అక్కడికే. పశువుల కొట్టం, దాణా గది, గాదె, విత్తనాల గది, కూలీలు భోజనం చేసే నీడ కూడా ఇందుకు పనికిరావు. బావి, బోరు, చెరువు, కుంటలకు వంద అడుగులకు తగ్గకుండా, వాన నీరు నిలవని మెరక మీద చోటు చూసుకోవాలి.

మా వైపు మరో ఇబ్బంది ఉంది. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు ప్రాంతాలలో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. పట్టుపురుగు కూడా పురుగే కదా, టమాటా మీది పురుగును చంపే మందుకు రెండింటి మధ్య తేడా తెలియదు. పెంపకపు గదికి ఆనుకొని మందుల గది ఉంటే ఆవిరి వల్లనో, ఒకే మనిషి చేతుల ద్వారానో, ఒకే బుట్ట వాడడం వల్లనో పంట మొత్తం పోవచ్చు. మందులున్న చోటికి వెళ్ళిన మనిషి స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా పెంపకపు గదిలో అడుగు పెట్టకూడదు. ఆకు కోసే బుట్టలు, కత్తులు మందుల గదిలో ఒక్క పూట కూడా పెట్టకూడదు. పెంపకపు గదిని శుభ్రపరచడానికి తెచ్చే బ్లీచింగ్ పౌడరును కూడా పురుగుమందుల నుంచి, యాసిడ్ నుంచి విడిగా ఉంచాలి.

1971 నియమాలు అంగడివారికీ గోదాములకూ చెప్పే మాట మనకూ వర్తించేదే: మందులు ఇతర వస్తువులు లేని వేరు గదిలో గానీ, తాళం వేసిన వేరు అల్మారాలో గానీ ఉండాలి, ఆ గది పొడిగా, వెలుతురుతో, గాలి ఆడేలా ఉండాలి. చిన్న రైతుకు వేరే గది కట్టనవసరం లేదు. గోడకు బిగించిన పాత ఇనుప బీరువా చాలు. పైభాగంలోనూ అడుగునా గాలి రంధ్రాలు వేయించి, పిల్లి, ఎలుక దూరకుండా జాలీ కొట్టించాలి. రేకుల కప్పు కింద పెట్టవలసి వస్తే ఏప్రిల్ ఎండకు లోపలి వేడి బాగా పెరుగుతుంది కనుక, పైన చెట్టు నీడో కొబ్బరాకుల పందిరో ఉండేలా చూడాలి. నేల సిమెంటుదై ఉండాలి. మట్టినేల అయితే ఒలికినదాన్ని పీల్చుకొని ఏళ్ళ తరబడి దాచుకుంటుంది.

నాలుగవ పని: బీరువా లోపలి అమరిక

ద్రవాలు కింది అరలో, పొడులూ గుళికలూ పై అరలో పెట్టాలి. ఈ క్రమం తారుమారైతే కారిన ద్రవం పొడి సంచిలోకి దిగి, రెండూ చెడిపోవడమే గాక ఏం కలిసిందో తెలియని మూడో విషం తయారవుతుంది. ప్రతి అరలోనూ అంచు ఉన్న ప్లాస్టిక్ ట్రే వేసి, సీసాలను అందులో నిలబెట్టాలి. చెక్క అర అయితే ట్రే తప్పనిసరి, ఎందుకంటే చెక్క పీల్చిన మందు కడిగినా పోదు. కళ్ళ ఎత్తు కన్నా పైన ద్రవాలు పెట్టకూడదు, తీసేటప్పుడు జారితే ముఖం మీదే పడుతుంది.

కలుపు మందులకు వేరే పెట్టె ఉండాలి. ఈ మాట మీద నేను పట్టుబడతాను. పురుగుమందు అనుకొని కలుపు మందు కొట్టి తోట మాడ్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరైనా ఉంటారు. పైగా 2,4-డి ఎస్టరు వంటి వాటి ఆవిరి పక్కనున్న విత్తనాలకూ ఎరువులకూ సోకి, మొలకల మీద దాని ప్రభావం కనిపిస్తుంది. గంధకం పొడికి నిప్పు అంటుకుంటుంది కనుక ఎరువుల బస్తాల నుంచి, దీపం పెట్టే చోటి నుంచి దూరంగా ఉంచాలి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటి జీవ మందులలో ఉన్నది బతికి ఉన్న సూక్ష్మజీవి. వాటిని శిలీంద్రనాశినుల పక్కన, వేడిలో ఉంచితే మందు మిగులుతుంది గానీ ప్రాణం మిగలదు. వాటికి నీడలో, చల్లని చోట వేరే డబ్బా ఏర్పాటు చేయాలి.

కొలగిన్నె, గరాటు, కలిపే కర్ర, చేతి తొడుగులు మందులతో పాటే, ఇంటి పాత్రలతో కలవకుండా ఉండాలి. కొలగిన్నె మీద చెరగని ఇంకుతో గుర్తు వేయాలి. ముఖానికి కట్టుకునే మాస్కును మాత్రం ఆ బీరువాలో పెట్టకూడదు, అది ఆవిర్లను పీల్చుకొని మనకే తిరిగి ఇస్తుంది. ముందు కొన్నది ముందు వరుసలో, తరువాత కొన్నది వెనుక వరుసలో పెట్టి ఆ క్రమంలోనే వాడాలి. ఒక చిన్న నోటుపుస్తకంలో మందు పేరు, కొన్న రోజు, గడువు, ఎప్పుడు ఎంత తీశామో రాసుకుంటే, ఉండవలసినదాని కన్నా తగ్గిందేమో అన్న సంగతి ఒక చూపులో తెలుస్తుంది.

ఐదవ పని: తాళంచెవి సంగతి

తాళం వేసి చెవిని ఆ గూటికే మేకుకు తగిలిస్తే తాళం లేనట్టే లెక్క. చెవి ఒకరి దగ్గరే ఉండాలి, రెండోది ఇంట్లో ఇంకొక పెద్దమనిషి దగ్గర. తాళం దొంగల కోసం కాదు. పిల్లల కోసం, తాగి వచ్చినవారి కోసం, మనసు బాగాలేని ఒక క్షణంలో ఇంటివారెవరైనా చెయ్యి చాచకుండా ఉండడం కోసం. అలాంటి క్షణం దాటిపోతే చాలావరకు మనిషి నిలబడతాడు, అందుకే మందు అందకపోవడం ముఖ్యం. అయితే తాళంపెట్టె ఒక్కటే అన్నీ ఆపుతుందనుకోవడం పొరపాటు. శ్రీలంకలో 180 గ్రామాలలోని వేల ఇళ్ళను తీసుకొని, కొన్ని గ్రామాల ఇళ్ళకు తాళంపెట్టెలు ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. పెట్టెలు ఇచ్చినంత మాత్రాన విషం తాగిన సంఘటనలు తగ్గలేదని అది తేల్చింది. అదే దేశంలో అత్యంత విషపూరితమైన మందులను మార్కెట్టు నుంచి తొలగించినప్పుడు మాత్రం మరణాలు బాగా తగ్గాయి. మన ఇంటి మట్టుకు దీని అర్థం స్పష్టంగానే ఉంది: పెట్టె కొనడంతో ఆగకూడదు, ఎర్రగుర్తు మందును ఇంటిదాకా రానీయకూడదు, మిగులు ఉంచకూడదు. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నారని తెలిస్తే ఆ కొన్నాళ్ళు మందులన్నీ పొరుగు రైతు తాళం కింద ఉంచమని అడగడంలో నామోషీ ఏమీ లేదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయవాణి సంఖ్య 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన ఆ సేవకు మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే ప్రధాన కేంద్రం.

ఆరవ పని: నగరంలోని ఇల్లు

అపార్ట్‌మెంటులో మందుల గది ఉండదు. అందరూ పెట్టేది యుటిలిటీలో, వాషింగ్ మెషీను పక్కన, ఉల్లిపాయల బుట్ట కింద. అక్కడ తడి ఉంటుంది, తిండి ఉంటుంది, పాకే పిల్లల చెయ్యి అందుతుంది. సింకు కింది అరా అంతే. ఐదడుగుల ఎత్తున గోడకు బిగించిన, తాళం ఉన్న చిన్న పెట్టె ఒకటి బాల్కనీ నీడలో పెట్టుకోవాలి. స్వతంత్ర ఇళ్ళవారు సంపు మూత దగ్గర గానీ, ఓవర్‌హెడ్ ట్యాంకు కింద గానీ మందులు పెట్టకూడదు. మేడ మీది తోటవారికి ట్యాంకు నీడ ఆకర్షణగానే ఉంటుంది, కానీ ఆ నీళ్ళే తాగేది కదా.

ఇంట్లో పురుగుమందు ఏదీ లేదని చెప్పేవారిని ఒకసారి అలమరలు తెరిచి చూడమంటాను. దోమల యంత్రంలోని ద్రవం సీసా పురుగుమందే, అందులో చాలావాటికి ఆధారం కిరసనాయిలు వంటి నూనె. బొద్దింకలకు గీసే సుద్దముక్క పిల్లల బలపంలాగే ఉంటుంది, గీసిన తరువాత మిగిలిన ముక్కను కిటికీ గట్టు మీద వదిలేస్తారు. బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార కలిపి చేసిన ఉండలు చూడడానికి సున్నుండల్లా ఉంటాయి, మూలల్లో పెట్టి పాకే పిల్లవాణ్ణి నేల మీద వదలడం ఎంత పొరపాటో వేరే చెప్పనక్కరలేదు. బట్టల మధ్య వేసే నాఫ్తలీన్ ఉండలను మింగితే, కొందరు పిల్లలలో పుట్టుకతో ఉండే ఒక ఎంజైము లోపం వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. ఇక పూజగదిలోని కర్పూరం గురించి ఎవరూ అనుకోరు, ఒకటి రెండు బిళ్ళలు మింగినా పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చు. ప్రసాదం పక్కన, పిల్లలకు అందే ఎత్తులో కర్పూరం డబ్బా ఉండకూడదు.

రెండు వస్తువులు మాత్రం భద్రంగా దాచడం కాదు, ఇంట్లో ఉండనే కూడదు. ఒకటి, బియ్యం బస్తాలలో పురుగు పడకుండా, పీజీ గదులలో నల్లులు పోవడానికి అని కొందరు తెచ్చే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువు వస్తుంది. దాన్ని ప్రభుత్వ సంస్థలకూ శిక్షణ పొందిన నిపుణులకూ మాత్రమే పరిమితం చేశారు, మామూలు ఇంటికి చట్టప్రకారమూ దక్కకూడదు. ఎక్కడైనా కనిపిస్తే దాని మీద నీళ్ళు పోయకుండా, గది తలుపులు తెరిచి అందరూ బయటికి రావాలి. రెండోది, ఎల్లో ఫాస్ఫరస్ కలిసిన ఎలుకల పేస్టు. తిన్న మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతింటుంది. ఏమీ కాలేదని ఇంటికి వచ్చేసేవాళ్ళు మోసపోయేది అక్కడే. ఎలుకలకు బోను పెట్టండి.

ఇంట్లో కాచిన కషాయాల విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. పొగాకు కషాయంలో ఉన్నది నికోటిన్, అది ఏ అంగడి మందుకూ తీసిపోని విషం. పచ్చిమిర్చి కషాయమో, పుల్లమజ్జిగ ద్రావణమో అయినా మంచినీళ్ళ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కావలసినంతే చేసి, ఆ రోజే వాడేయాలి.

ఏడవ పని: కలిపినది మిగలకుండా, ఒలికినది పాకకుండా

నీళ్ళలో కలిపిన మందును నిల్వ చేయడానికి సరైన పద్ధతి అంటూ లేదు. దాని సత్తువ గంటల్లో తగ్గుతుంది, సీసా మీద పేరూ ఉండదు. మిగిలితే అదే పంటలో ఇంకా తడవని చోట కొట్టాలి, కాలువలో పోయకూడదు. పంపును మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళను కూడా పొలంలోనే చల్లి, ఖాళీగా బోర్లించి మందుల చోటే ఉంచాలి.

బీరువా పక్కన ఎప్పుడూ ఒక బకెట్టు పొడి ఇసుక, ఒక చేట, ఒక పాత చీపురు, మందపాటి రెండు సంచులు ఉండాలి. ద్రవం ఒలికితే మొదట పిల్లలనూ పశువులనూ దూరం పంపి, తొడుగులు వేసుకొని, ఒలికిన దాని చుట్టూ ఇసుకతో గట్టు కట్టి, తరువాత మధ్యలో ఇసుకో రంపపు పొట్టో పోసి పీల్చనివ్వాలి. ఊడ్చి సంచిలో కట్టిన తరువాతే సబ్బునీళ్ళతో తుడవాలి. గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగేస్తే అడుగు మేర ఉన్న విషం వాకిలంతా పాకుతుంది.

ఎనిమిదవ పని: ఖాళీ డబ్బాలు, గడువు దాటిన మందులు

ఖాళీ డబ్బా పాల డబ్బా అవడం, దొడ్లో చెంబు అవడం మన ఊళ్ళలో కొత్త కాదు. సీసాలో చివరి బొట్టు అయిపోగానే పావు వంతు నీళ్ళు పోసి, మూత బిగించి అర నిమిషం కుదిపి, ఆ నీళ్ళను పంపులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. తరువాత అడుగున మేకుతో రెండు మూడు చిల్లులు పొడిస్తే ఎవరూ మళ్ళీ వాడలేరు. కాల్చకూడదు. డబ్బాలను పగలగొట్టి జనావాసాలకూ నీటికీ దూరంగా పాతిపెట్టాలని నియమాలు చెబుతాయి. వెనక్కి తీసుకునే ఏర్పాటు ఏదైనా ఉందేమో హోబళిలోని (కర్ణాటకలో కొన్ని ఊళ్ళను కలిపిన విభాగం) రైత సంపర్క కేంద్రంలో, అంటే వ్యవసాయ శాఖ వారి రైతు కేంద్రంలో, ముందుగా అడగడం మంచిది. నగరంలో అయితే పురుగుమందు డబ్బా ఇంటి ప్రమాదకర వ్యర్థం. తడిచెత్తలోనూ, పొడిచెత్త సంచిలోనూ కలపకుండా కాగితంలో చుట్టి, పైన పేరు రాసి విడిగా ఇవ్వాలి. చెత్త తీసుకెళ్ళే మనిషికి అది ఏమిటో నోటితో కూడా చెప్పాలి. వాళ్ళు ఉత్త చేతులతోనే వేరు చేస్తారు.

గడువు దాటినది ఎలా తెలుస్తుందంటే తేదీ ఒక్కటే గుర్తు కాదు. ఇసి మందు నీళ్ళలో పోస్తే పాలలా ఒకేలా కలవాలి. పైన నూనె తేలినా, అడుగున పొర కట్టినా అది చెడినట్టు. పొడి మందు గడ్డకట్టి వేళ్ళతో నలగకపోయినా అంతే. తాతల నాటి పాకలు శుభ్రం చేసేటప్పుడు 2011లో సుప్రీంకోర్టు ఆపివేసిన ఎండోసల్ఫాన్ డబ్బాలు కూడా బయటపడవచ్చు. అలాంటివాటి మూత తీసి వాసన చూడకండి. ఉన్న డబ్బాను ఉన్నట్టే ఒక పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో నిలబెట్టి, మూత వేసి, వాడకూడదు అని పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసి, వ్యవసాయాధికారికి తెలపాలి. 1800 180 1551 కిసాన్ కాల్ సెంటరు సంఖ్యకూ అడగవచ్చు.

చివరిగా, తలుపు లోపల అంటించవలసిన కాగితం

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరగవచ్చు కనుక, అప్పుడు చదువుకునే కాగితం ముందే ఉండాలి. మా బీరువా తలుపు మీద ఉన్నది ఇది. మందు ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో పావుగంటకు తగ్గకుండా కడగాలి. కంట్లో పడితే అంతసేపూ ధారగా శుభ్రమైన నీళ్ళు పోయాలి. మింగితే వాంతి చేయించకూడదు. కిరసనాయిలు ఆధారమైన మందు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి వెళితే కడుపులో ఉన్నదాని కన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఉప్పునీళ్ళు, పాలు, నూనె, నెయ్యి ఏవీ పట్టించకూడదు. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నురగ, చొంగ, చెమట, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం కనిపిస్తే ఆర్గనోఫాస్ఫేట్ రకం (మోనోక్రోటోఫాస్ వంటి) పురుగుమందు అయ్యే అవకాశం ఎక్కువ, దానికి అట్రోపిన్ వంటి విరుగుడు ఆసుపత్రిలోనే ఇవ్వగలరు. 108కి ఫోను చేయాలి. దారిలో ఉండగానే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117కు చేస్తే ఏం చేయాలో చెబుతారు. సీసాను, లేకపోతే కనీసం లేబులు ఫొటోను డాక్టరుకు చూపాలి.

ఆ కాగితాన్ని మేము తెలుగులోనూ, కింద కన్నడంలోనూ రాయించాము. పొలంలో పగలంతా ఉండేది మేము కాదు, మా తోట చూసే కన్నడ కుటుంబం.